మార్క్ త్రీ కొనబోయే మన పిల్లలకు

నేనుండేది మిషిగన్‌లో, నోవైలో. పక్క ఊరే విక్సమ్. 1957 నుంచి 2007 దాకా లింకన్ కార్లు తయారైన ఫోర్డ్ ప్లాంటు అక్కడ ఉండేది. ఇప్పుడు ప్లాంటు లేదు. దాంట్లోంచి బయటికొచ్చిన బండ్లు మాత్రం ఈ చుట్టుపక్కల గరాజుల్లో ఇంకా ఉన్నాయి. వాటిలో మన కుర్రాళ్ళు బాగా ఆశపడేది లింకన్ కాంటినెంటల్ మార్క్ త్రీ. రెండే తలుపులు, పద్దెనిమిది అడుగుల పొడవు, ముందు గుడి ద్వారంలా నిలువెత్తు గ్రిల్. ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ చూసొస్తారు, ఆ వారం తిరక్కుండానే కాంటన్ నుంచో ట్రాయ్ నుంచో ఫోనొస్తుంది: "అంకుల్, ఒక బండి అమ్మకానికుంది. మీరొకసారి వచ్చి చూస్తారా?"

కారు విడిభాగాల పరిశ్రమలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పిలిస్తే సంతోషంగా వెళ్తాను. అయితే ప్రతివాళ్ళకీ దారిలో చెప్పిన మాటలే మళ్ళీ చెప్పాల్సి వస్తోంది కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నాను. అందరూ ముందు బానెట్ ఎత్తి ఇంజిన్ చూస్తారు. ఈ కారులో కొన్నవాడి డబ్బు తినేసేది ఇంజిన్ కాదు. రేకు, క్రోమ్, తోలు, సన్నటి రబ్బరు గొట్టాలు, అంటే దాన్ని ఖరీదైన కారు చేసిన సొగసులే తినేస్తాయి. నా పాఠాలన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

1. ఏ మార్క్ త్రీయో తెలుసుకుని బయల్దేరండి

ఈ పేరుతో రెండు కార్లున్నాయి. 1958లో ఒక కాంటినెంటల్ మార్క్ త్రీ వచ్చింది. అది వేరే బండి, చాలా పెద్దది. తర్వాత రెండేళ్ళూ మార్క్ ఫోర్, మార్క్ ఫైవ్ అని కూడా వచ్చాయి. పదేళ్ళ తర్వాత ఫోర్డ్ వాళ్ళు ఆ మూడింటినీ లెక్కలోంచి తీసేసి, 1956–57ల నాటి మార్క్ టూకి వారసుడు ఇదే అంటూ మళ్ళీ మార్క్ త్రీ అని పేరు పెట్టారు. మార్క్ టూ అప్పట్లోనే పదివేల డాలర్ల దగ్గర అమ్మిన కారు. ఆ గౌరవం కొత్తదానికి రావాలని వాళ్ళ ఆలోచన. దీనివల్ల ఇవాళ్టికీ విడిభాగాలు ఆర్డర్ చేసేటప్పుడు సంవత్సరం చెప్పకపోతే వేరే కారు సామాను ఇంటికొస్తుంది.

మనం మాట్లాడుకునే మార్క్ త్రీ 1968 ఏప్రిల్‌లో, 1969 మోడల్‌గా వచ్చింది. ఫోర్డ్‌లో పెద్ద హోదాలో ఉన్న లీ అయకోకా ఊహ అది. నాలుగు తలుపుల థండర్‌బర్డ్ చాసిస్ మీద రోల్స్ రాయిస్ తరహా గ్రిల్ పెట్టి కొత్త కారు గీయమని డిజైన్ అధిపతి జీన్ బోర్డినట్‌కి చెప్పాడు. క్యాడిలాక్ ఎల్డొరాడోకి పోటీ నిలబెట్టడం లక్ష్యం. 1969లో 30,858, 1970లో 21,432, 1971లో 27,091, మొత్తం 79,381 బండ్లు కట్టారు. కాబట్టి "చాలా అరుదైన బండి సార్" అని అమ్మేవాడు అంటే విని ఊరుకోండి. అరుదైంది కారు కాదు, బాగున్న కారు.

ఏ సంవత్సరం బండో చూడగానే గుర్తుపట్టడానికి ఒక ఆనవాలుంది. 1969 బండిలో తాళంచెవి పెట్టేది డాష్‌బోర్డులో. 1970 నుంచి అది స్టీరింగ్ కాలమ్ మీదికి వచ్చింది, తాళం తీస్తే స్టీరింగ్ బిగుసుకుంటుంది. అద్దం తుడిచే వైపర్లు బానెట్ అంచు కింద దాక్కున్నదీ 1970 నుంచే. మిషెలిన్ రేడియల్ టైర్లు కంపెనీ నుంచే రావడం కూడా ఆ ఏడాదే మొదలైంది. నన్నడిగితే 1970, 71 బండ్లకే నా ఓటు. 1969 దొరికి, రేకు శుభ్రంగా ఉంటే మాత్రం సంవత్సరం కోసం దాన్ని వదులుకోవద్దు.

2. సగం పరీక్ష ఫోన్‌లోనే

అరవై మైళ్ళు నడిపి వెళ్ళే ముందు అడగాల్సినవి అడగండి. ఎన్నాళ్ళుగా మీ దగ్గరుంది? అంతకుముందు ఏ రాష్ట్రంలో ఉంది? చలికాలంలో రోడ్డెక్కించారా? కింది భాగం ఫోటోలు పంపగలరా? పైనుంచి మెరుస్తున్న ఫోటోలు ముప్పై పంపి, కిందిది ఒక్కటీ పంపనివాడి దగ్గరికి వెళ్ళేటప్పుడు బ్యాంకు చెక్కు జేబులో పెట్టుకోవద్దు.

ముఖ్యంగా ఒకటి కోరాలి: "మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యకండి." వెళ్ళగానే పలకరింపుల మధ్యలో బానెట్ మీద చెయ్యి వెయ్యండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిన్ స్టార్టవడంలో ఏదో ఇబ్బంది ఉందనుకోవాలి. కాఫీ తాగి, చల్లారేదాకా కూర్చుని మాట్లాడితే సరిపోతుంది. ఆ గంటలో ఓనరు గురించి తెలిసేది కూడా తక్కువేం కాదు.

3. కాగితాలు, అంకెలు

డాష్‌బోర్డు మీద, ముందు అద్దంలోంచి కనిపించేలా విన్ నంబరు పలక ఉంటుంది. మొదటి అంకె మోడల్ సంవత్సరం: 9 అయితే 1969, 0 అయితే 1970, 1 అయితే 1971. తర్వాతి అక్షరం వై అయితే విక్సమ్‌లో కట్టిన బండి. దాని తర్వాతి 89 మార్క్ త్రీ గుర్తు. ఆపైన ఏ అంటే 460 ఇంజిన్. డ్రైవర్ తలుపు దగ్గర ఇంకో పలక ఉంటుంది, రంగు, లోపలి తోలు, ఇరుసు రకం అన్నీ కోడ్‌లలో దాని మీదే ఉంటాయి. పలకలోని రంగు కోడ్ ఒకటి, బండి రంగు ఇంకొకటి అయితే నష్టమేం లేదు. ఎందుకు మార్చారు, ఎప్పుడు మార్చారు అని అడిగితే జవాబు తడుముకోకుండా రావాలి.

ఈ మూడూ, అంటే డాష్ పలక, తలుపు పలక, టైటిల్ కాగితం ఒక్క అంకె తేడా లేకుండా కలవాలి. టైటిల్ మీద పేరున్న మనిషే సంతకం పెట్టాలి. తండ్రి పోయి కొడుకు అమ్ముతుంటే కోర్టు కాగితాలు అయ్యాకే డబ్బివ్వండి. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

1967 నుంచి తయారైన ఫోర్డ్, లింకన్, మెర్క్యురీ కార్లకు కంపెనీ రికార్డుల నుంచి తీసిన మార్టీ రిపోర్ట్ దొరుకుతుంది. విన్ నంబరు ఇస్తే ఆ బండి ఫ్యాక్టరీ నుంచి ఏ రంగులో, ఏ ఆప్షన్లతో బయటికొచ్చిందో చెప్తారు. దాంతో మంచి కారు చెడ్డదవదు, చెడ్డది మంచిదవదు. అమ్మేవాడు చెప్పిన కథలో ఎంత నిజముందో మాత్రం తెలుస్తుంది. అది తెలిస్తే మిగతా మాటలకి ఎంత విలువివ్వాలో మనకే అర్థమవుతుంది.

4. తుప్పు. సగం సమయం దీనికే ఇవ్వండి

కాకినాడలో పుట్టినవాణ్ణి. ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా ఊడిరావడం చిన్నప్పుడే చూశాను. మిషిగన్ వచ్చాక చూస్తే ఇక్కడ ఉప్పు గాలిలో రాదు, రోడ్డు మీద పోస్తారు. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు అందులోంచీ వస్తుంది. ఈ ఊళ్ళో కట్టిన కార్లని ఈ ఊరి నేలలోంచి తీసిన ఉప్పే తినేసింది. ఒక్క చలికాలం ఉప్పునీళ్ళలో తిరిగిన 1969 బండి, ఆ తర్వాత ఎన్నేళ్ళు గరాజులో భద్రంగా ఉన్నా, ఆ చలికాలపు గుర్తు మోస్తూనే ఉంటుంది.

ఎక్కడ చూడాలి? ముందు పైన చూడండి. ఈ బండ్లలో చాలావాటికి టాపు మీద వినైల్ పొర ఉంటుంది. అప్పట్లో అదొక హోదా. దాని కుట్లలోంచి, వెనక అద్దం చుట్టూ ఉన్న క్రోమ్ పట్టీ కిందినుంచి నీళ్ళు లోపలికి దిగి, ఆరే దారి లేక అక్కడే ఉండిపోతాయి. వెనక అద్దం కింది అంచున, రెండు మూలల్లో, వేలితో మెల్లగా నొక్కుతూ రండి. పొర కింద బొబ్బలు తగిలినా, అప్పడం విరిగినట్టు చప్పుడొచ్చినా రేకు పోయిందన్నమాటే. బాగుచెయ్యాలంటే వినైల్ చింపాలి, పట్టీలు పీకాలి, అద్దం తియ్యాలి, రేకు కోసి వెల్డింగ్ చెయ్యాలి, మళ్ళీ అన్నీ అమర్చాలి. బయటికి అరచెయ్యంత కనిపించే మచ్చ ఒక్కోసారి కారు ధరలో పెద్ద వాటా మింగేస్తుంది. వినైల్ కొత్తగా వేసి ఉంటే ఇంకా జాగ్రత్త. వేసేటప్పుడు తీసిన ఫోటోలు అడగండి. పాతది తీశాక రేకు ఎలా ఉందో చూపించే ఫోటో ఉన్న ఓనరు దొరికితే అదృష్టం.

తర్వాత తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే రాకర్ ప్యానెల్స్. 1971లో వచ్చిన 'ది ఫ్రెంచ్ కనెక్షన్' సినిమా చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పోలీసులు మత్తుమందు కోసం లింకన్ మార్క్ త్రీని ముక్కలుముక్కలుగా విప్పేస్తారు. ఎక్కడా దొరకదు. చివరికి రాకర్ ప్యానెల్స్‌లో బయటపడుతుంది. బండి మొత్తంలో ఎవరూ చూడని చోటు అదే. తుప్పు కూడా అక్కడే చేరుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని, కింది అంచు వెంబడి చెయ్యి పోనిచ్చి తడమండి. నీళ్ళు పోవడానికి వదిలిన కంతలు మూసుకుపోయాయా, రేకు మీద రేకు అతికించారా అన్నది కంటికంటే వేళ్ళకే ముందు తెలుస్తుంది.

గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో ఉంచుకోండి. వెనక చక్రాల పైన, వాటి వెనక, ముందు ఫెండర్ల కింది భాగంలో పెట్టి చూడండి. పట్టుకోకుండా జారిపోయిన చోట రేకు లేదు, పుట్టీ ఉంది. పెయింట్ మందం కొలిచే మీటరు ఇంకా మంచిది, ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతోంది.

డిక్కీలో పరుపు తీసి, స్టెప్నీ లేపి, కింది గుంట చూడండి. ముందు సీట్ల కింద కార్పెట్ ఎత్తి వాసన చూడమని విక్సమ్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నాకు నేర్పాడు. ముక్కవాసన వస్తే అద్దం కింద ఉండే గాలిదారిలో ఆకులు కుళ్ళి, నీళ్ళు లోపలికి కారుతున్నాయని అర్థం. ఆయన మాట ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆఖరికి లిఫ్ట్ మీదికి ఎక్కించాలి. ఇది వదిలిపెట్టడానికి వీల్లేదు. ఈ కారుకి కింద ఫ్రేమ్ విడిగా ఉంటుంది. వెనక చక్రాల ముందు అది పైకి వంగే చోట చిన్న సుత్తితో తట్టి చూడాలి, ఓనరు అనుమతి తీసుకునే. ఖంగుమంటే మంచిది. మెత్తగా, బొదబొదమని పలికితే అక్కడితో ఆపెయ్యండి. కింద మొత్తం నల్లగా, తాజాగా రంగు పూసి ఉంటే కూడా నాకు నచ్చదు. దుమ్ము పట్టిన పాత ఇనుము నిజం చెప్తుంది.

అరిజోనా, టెక్సస్ వైపు బండ్లకు తుప్పుండదు, ఎండ మాత్రం అన్నిటినీ కాల్చేసి ఉంటుంది. సీట్లు పగిలి, డాష్‌బోర్డు నెర్రెలిచ్చి, రబ్బరు బీడింగ్ అంతా రాయైపోయి ఉంటుంది. మిషిగన్ బండి లోపల చక్కగా ఉండి కింద కుళ్ళి ఉంటుంది. రెంటిలో ఒకటి ఎంచుకోమంటే ఎండకు కాలిందే తీసుకోండి. తోలు కుట్టించవచ్చు, ఫ్రేమ్ కుట్టించలేం.

5. ఇంజిన్, గేర్‌బాక్స్

460 క్యూబిక్ అంగుళాలు, అంటే ఏడున్నర లీటర్ల వీ ఎయిట్. 365 హార్స్‌పవర్ అని కాగితం మీద ఉంటుంది. అది పాత పద్ధతిలో కొలిచింది, ఇవాళ్టి కార్ల అంకెలతో పోల్చవద్దు. ఫోర్డ్ వాళ్ళు ఈ ఇంజిన్‌ని మొదట పెట్టింది మార్క్ త్రీలోనే. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు లారీల్లో కూడా వాడారు. అంత గట్టిది. సామాను ఇప్పటికీ సులువుగా దొరుకుతుంది, బాగుచేసే మెకానిక్కులూ ఉన్నారు.

చల్లటి ఇంజిన్ స్టార్టయ్యేటప్పుడు ఒకళ్ళు బండి వెనకాల నిలబడాలి. మొదటి క్షణాల్లో కాస్త నీలిపొగ వచ్చి పోతే వాల్వ్ సీళ్ళు గట్టిపడ్డాయని, అది పెద్ద ఖర్చు కాదు. వేడెక్కాక కూడా నీలిపొగ వస్తుంటే రింగుల సంగతి చూసుకోవాలి. ఒక్క లోపం మాత్రం కాలం తెచ్చింది కాదు, పుట్టుకతోనే ఉంది. టైమింగ్ చెయిన్ తిరిగే పై చక్రానికి, చప్పుడు రాకూడదని నైలాన్ పళ్ళు పెట్టారు. ఏళ్ళు గడిచాక అవి పెళుసెక్కి విరిగి, ఆయిల్ పాన్‌లో పడి, ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడతాయి. చెయిన్ ఎప్పుడైనా మార్చారా అని అడగండి. తెలియదంటే, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కింద క్రాంక్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పి చూడమనండి మెకానిక్‌ని. క్రాంక్ కదిలినా రోటర్ చాలాసేపు కదలకపోతే చెయిన్ వదులైంది. ఇది బేరంలో తగ్గించుకునే విషయమే తప్ప బండి వదిలేసే విషయం కాదు.

గేర్‌బాక్స్ సీ6 ఆటోమేటిక్, మొండిది. వేడెక్కిన తర్వాత, ఇంజిన్ తిరుగుతుండగా దాని డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ ఎర్రగా ఉండాలి. గోధుమరంగులో, మాడువాసనతో ఉంటే ఖర్చుంది.

6. గాలి పీల్చే గొట్టాలు

ఈ పాఠం ఏ పుస్తకంలోనూ ఇంత గట్టిగా చెప్పరు, నేను చెప్తాను. మార్క్ త్రీలో హెడ్‌లైట్లు మూతల వెనక దాక్కుని ఉంటాయి. ఆ మూతల్ని తెరిచి మూసేది కరెంటు మోటారు కాదు, ఇంజిన్ పీల్చే గాలి, అంటే వాక్యూమ్. ఏసీ గాలిని పైకీ కిందకీ మళ్ళించే రేకులూ దానితోనే కదులుతాయి. డ్రైవ్‌లో వెయ్యగానే పార్కింగ్ బ్రేక్ దానంతట అది వదులవడం కూడా దాని పనే. బానెట్ కింద నుంచి డాష్‌బోర్డు లోపలికి సన్నటి రబ్బరు గొట్టాలు రంగురంగుల్లో పాకి ఉంటాయి. యాభై ఏళ్ళ రబ్బరు! ఒక్కచోట సూది మొనంత పగులొస్తే చాలు, అక్కడెక్కడో ఇంకోటి పనిచెయ్యడం మానేస్తుంది.

పరీక్ష తేలికే, ఓపిక కావాలి. ఇంజిన్ తిరుగుతుండగా లైట్లు వేసి ఆర్పండి. మూతలు రెండూ ఒకేసారి, ఒకే వేగంతో కదలాలి. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే ఒక గొట్టమో, వాక్యూమ్ మోటారు డయాఫ్రమో అలసిపోయింది. తర్వాత ఇంజిన్ ఆపి, మూతలు మూసి ఉండగా వదిలెయ్యండి. మిగతా పరీక్షలన్నీ చేసుకుని రెండు గంటల తర్వాత ముందుకొచ్చి చూడండి. మూత సగం తెరుచుకుని ఉంటే ఎక్కడో గాలి కారుతోంది. పార్కింగ్ బ్రేక్ వేసి, కాలు మామూలు బ్రేక్ మీదుంచి డ్రైవ్‌లో పెట్టండి, పార్కింగ్ బ్రేక్ పెడల్ టక్కున పైకి రావాలి. ఏసీ వేసి ఒక్కో మీటా నొక్కి, గాలి ఎటునుంచి వస్తోందో చేత్తో చూడండి.

కాంటన్‌లో ఉండే మా తమ్ముడి కొడుకు ఇలాంటి బండే చూపించి, "పెదనాన్నా, లైటు మూత ఒక్కటేగా పనిచెయ్యంది, వంద డాలర్ల పని" అన్నాడు. "నాన్నా, గొట్టం వంద కూడా ఉండదు. అది ఎక్కడ పగిలిందో కనిపెట్టడానికి డాష్‌బోర్డు విప్పే మనిషికి గంటకి ఎంతిస్తావో అడుగు" అన్నాను. అడిగాడు. బేరం పద్నాలుగు వందలు తగ్గించుకుని కొన్నాడు, ఆ డబ్బు సరిగ్గా దానికే అయింది.

బండిలో ఏమేమి పనిచెయ్యవో కాగితం మీద వరసగా రాసుకోండి. అద్దాలు, ఆరు వైపులకీ కదిలే సీటు, రేడియో, గడియారం, లోపలి దీపాలు, ఒక్కటీ వదలకండి. "చిన్నవే" అని ఓనరు అంటాడు. చిన్నవన్నీ కలిపితేనే ఈ కారు. అవి పనిచెయ్యకపోతే మీరు కొంటున్నది పొడుగాటి థండర్‌బర్డ్‌ని.

7. క్రోమ్, తోలు

ముందు గ్రిల్, చిన్నచిన్న బొమ్మలు, దీపాల చుట్టూ ఉన్న చట్రాలు జింక్ పోతతో చేసి, పైన క్రోమ్ పూసినవి. వీటి మీద ఉప్పు గింజల్లా బొడిపెలు లేస్తాయి. బంపర్ అయితే ఉక్కు, సానబట్టి మళ్ళీ పూత వెయ్యవచ్చు. పోత లోహం అలా కాదు. ప్రతి గుంటనీ తవ్వి, రాగితో నింపి, చదును చేసి, ఆపైన పూత వెయ్యాలి. మంచి పనివాళ్ళు తక్కువ, వాళ్ళ దగ్గర వరస ఎక్కువ. గ్రిల్ బాగున్న బండికి వెయ్యి డాలర్లు ఎక్కువివ్వడానికి నేను వెనకాడను.

సీట్ల తోలు పగుళ్ళు వెయ్యడం సహజం. కుట్లు తెగాయా, తోలు చిరిగిందా అని విడివిడిగా చూడండి. కుట్టు తెగితే మళ్ళీ వేయించవచ్చు. తోలు ఎండి చిరిగితే ఆ ముక్క మారాలి, మారిన ముక్క పాతదానితో రంగు కలవదు. తోలు పనివాళ్ళని నేనిక్కడ మనసారా తలుచుకుంటాను, ఆ పని చేసే చేతులు ఏటేటా తగ్గిపోతున్నాయి.

డాష్‌బోర్డులో కార్టియర్ పేరున్న గడియారం చాలా బండ్లలో ఆగిపోయి ఉంటుంది. ఫర్వాలేదు, బాగుచేసేవాళ్ళున్నారు. గడియారం అసలు లేకుండా మామూలుది పెట్టి ఉంటే మాత్రం ఆ ఓనరు ఇంకేం అమ్మేశాడో అని చూడాలి.

8. నడిపి చూడటం

కనీసం అరగంట, అందులో పది నిమిషాలు హైవే మీద. ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్‌లు. ఖాళీ రోడ్డులో స్టీరింగ్ వదులుగా పట్టుకుని బ్రేక్ వెయ్యండి, బండి ఒకవైపు లాగకూడదు. బ్రేక్ వేసినప్పుడు ముందునుంచి 'టంగ్' మని చప్పుడొస్తే సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు అరిగాయి. 1970 నుంచి ష్యూర్ ట్రాక్ అనే వెనక చక్రాల యాంటీ లాక్ బ్రేకింగ్ అన్ని బండ్లకీ ఇచ్చారు, 1969లో ఆప్షన్. బ్రేకుల కంపెనీ కెల్సీ హేస్ వాళ్ళతో కలిసి చేసిన ఆ పని ఆ రోజుల్లో చాలా ముందడుగు. ఇవాళ చాలా బండ్లలో దాన్ని తీసి పక్కన పెట్టేసి ఉంటారు. పనిచేస్తున్నది దొరికితే ఓనరుకి దండం పెట్టండి.

టైరు పక్కన ఉండే డాట్ నంబరు చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెప్తాయి. 2209 అంటే 2009వ సంవత్సరం, ఇరవై రెండో వారం. గీతలు ఎంత లోతుగా, కొత్తగా కనిపించినా అంత పాత టైర్ల మీద హైవే ఎక్కవద్దు. నేను ఎక్కను, పిల్లల్ని ఎక్కనివ్వను.

9. మైలేజీ

మీటరులో ఐదంకెలే ఉంటాయి, లక్ష దాటితే మళ్ళీ సున్నా. అంత పాత బండి టైటిల్ మీద మైలేజీ దగ్గర 'ఎగ్జెంప్ట్' అని ఉంటుంది. చట్టప్రకారం చెప్పనక్కర్లేదు. కాబట్టి అంకెని కాదు, బ్రేక్ పెడల్ రబ్బరు అరుగుదలని, డ్రైవర్ తలుపు మీద చెయ్యి ఆనే చోటుని చూడండి. పాత సర్వీసు రసీదులు ఒక కవరు నిండా ఉంటే అవి కూర్చుని చదవండి, తేదీలతో సహా.

10. ధర

ట్రావర్స్ సిటీలో ఉన్న హాగర్టీ వాళ్ళు పాత కార్లను ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయిల్లో పెట్టి ధరలు ప్రకటిస్తారు. ఒకటి పోటీల్లో నిలబెట్టేది, నాలుగు నడుస్తుంది కానీ లోపాలు కంటికి కనిపించేది. అమ్మేవాడు తన బండిని ఎప్పుడూ రెండో స్థాయిలో ఉందనుకుంటాడు. పనిచెయ్యనివి రాసుకున్న కాగితం చేతిలో ఉంటే అది మూడో, నాలుగో మీకే తెలుస్తుంది.

అసలు లెక్క ఇది. మార్క్ త్రీ ధరలు మార్క్ టూ దరిదాపుల్లో ఉండవు. రేకు పని, క్రోమ్, తోలు మూడూ చేయించాల్సిన బండి ఉచితంగా ఇచ్చినా, చేయించాక అయ్యే ఖర్చుతో బాగున్న బండి కొని, ఇంకా మిగుల్చుకోవచ్చు. కాబట్టి వేరొకరు ప్రేమతో డబ్బు పోసి, పూర్తిచేసిన బండి కొనండి. మంచిదంటే ఎలా ఉంటుందో కంటికి తెలియాలంటే ముందు హిక్కరీ కార్నర్స్‌లో గిల్మోర్ కార్ మ్యూజియంకి వెళ్ళండి. 2014 నుంచి లింకన్ మ్యూజియం అక్కడే ఉంది. 1953లో మొదలైన లింకన్ అండ్ కాంటినెంటల్ ఓనర్స్ క్లబ్‌లో చేరితే ఇంకా మంచిది. ప్రకటన దాకా రాకుండా సభ్యుల మధ్యే చేతులు మారే బండ్లు ఉంటాయి.

11. అమ్మే మనిషి ముందు

ఈ బండ్లు అమ్మేవాళ్ళలో ఎక్కువమంది నా వయసువాళ్ళో, నాకంటే పెద్దవాళ్ళో. భర్త పోయాక అమ్ముతున్న ఆవిడ ఉంటుంది. ఇల్లు మారి అపార్టుమెంటుకి పోతూ అమ్ముకుంటున్న ముసలాయన ఉంటాడు. వాళ్ళ ముందు నిలబడి లోపాలు గట్టిగా లెక్కపెట్టవద్దు. మన కుర్రాడొకడు అలాంటి ఒకావిడ వింటుండగానే "అంకుల్, ఇదంతా తుక్కు" అని తెలుగులో అన్నాడు. భాష అర్థం కాకపోయినా మొహం అర్థమవుతుంది. వాణ్ణి పక్కకి తీసుకెళ్ళి, "ముందు ఈ కారులో ఎక్కడెక్కడికి వెళ్ళారో ఆవిణ్ణి అడుగు" అన్నాను. అడిగాడు. ఆవిడ లోపలికెళ్ళి 1971 నాటి డీలరు రసీదు, ఓనర్స్ మాన్యువల్, రెండో జత తాళాలు పట్టుకొచ్చింది. అప్పటిదాకా అవున్నాయనే ఆవిడకి గుర్తులేదు.

తగ్గించమని అడగడం తప్పు కాదు. రాసుకున్న కాగితం చూపించి, "ఈ పనులకి ఇంతవుతుందమ్మా, అందుకని నేను ఇవ్వగలిగింది ఇంత" అని ఒక్కసారి చెప్పండి. కుదరదంటే దండం పెట్టి వచ్చేయండి. రెండు వారాల్లో వాళ్ళే పిలిచిన సందర్భాలు నాకు తెలుసు. బేరం కుదిరితే బయానా ఇచ్చి, రాతపూర్వకంగా సంతకాలు తీసుకోండి.

12. కొన్న తర్వాత

ముందు ఇంటి గరాజు లోపలి కొలత తియ్యండి. బండి 216 అంగుళాలు. ఈ సబ్‌డివిజన్లలో కొన్ని గరాజుల్లో షెల్ఫులు తీసేస్తే గానీ తలుపు మూసుకోదు, ఇంటావిడతో ఆ మాట ముందే మాట్లాడుకోండి. రెండు తలుపులూ చాలా పొడవైనవి, పక్కన ఇంకో కారుంటే పూర్తిగా తెరుచుకోవు.

మొదటి నెలలో పెట్రోలు గొట్టాలన్నీ మార్పించండి. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ పాత రబ్బరుని తినేస్తుంది, కారితే మంటే. బ్రేక్ ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోయించండి. టైమింగ్ చెయిన్ సంగతి తెలియకపోతే ఆ పని కూడా అప్పుడే. ఆ కంప్రెషన్‌కి ప్రీమియం పెట్రోలే పొయ్యాలి. ఇన్సూరెన్సు మామూలు కార్లది కాకుండా, విలువ ముందే ఒప్పుకుని రాసే రకం తీసుకోండి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజున యాభై ఏళ్ళ పాత కారుకి ఇచ్చే ధర ఇస్తారు.

మిషిగన్‌లో హిస్టారిక్ ప్లేటు తీసుకుంటే ఫీజు తక్కువ. దాంతో ప్రదర్శనలకి, పరేడ్‌లకి, క్లబ్ కార్యక్రమాలకే నడపాలి. ఆగస్టు నెలలో మాత్రం మామూలుగా ఎక్కడికైనా నడపవచ్చు. వారానికి రెండుసార్లయినా, ఏ నెలైనా నడపాలనుకునేవాళ్ళు మామూలు ప్లేటే తీసుకోండి. నా సలహా రెండోదే. నడపకుండా నిలబెడితే బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, సీళ్ళు ఎండిపోతాయి, వాక్యూమ్ గొట్టాలు ఉన్నచోటే పగులుతాయి. ఏప్రిల్‌లో వానలు పడి రోడ్డు మీద ఉప్పంతా కడుక్కుపోయాక బయటికి తియ్యండి, నవంబరులో మొదటి ఉప్పు లారీ కనిపించిన రోజున లోపల పెట్టెయ్యండి. ఆ మధ్యలో ఎప్పుడైనా నోవై వైపు వస్తే నాకు ఫోన్ చెయ్యండి, లైటు మూతలు రెండూ ఒకేసారి తెరుచుకుంటున్నాయో లేదో చూస్తాను.